ఆస్ట్రేలియాలో ఫిజియో రిజిస్ట్రేషన్: ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియట్లేదు

గుంటూరు_మిర్చి | మంగళవారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. ఇక్కడ చదవడమే తప్ప రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే సర్దుకోండి.

నేను విజయవాడ హెల్త్ యూనివర్సిటీ కింద బీపీటీ (ఫిజియోథెరపీ డిగ్రీ) చేశాను. 2019లో ఇంటర్న్‌షిప్ అయిపోయింది. తర్వాత మూడేళ్ళు ఒక ఆర్థో ఆస్పత్రిలో పనిచేశాను. పెళ్ళి, పాప, వీసా, అన్నీ అయ్యేసరికి మెల్బోర్న్ వచ్చి ఐదు నెలలయింది. మావారిది ఐటీ. పాపకి రెండేళ్ళు. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతోంది.

ఒకరు పరీక్షకి కట్టెయ్ అంటారు. ఇంకొకరు న్యూజిలాండ్ మీదుగా తేలిక అంటారు. మా పెద్దమ్మ కూతురు మళ్ళీ మాస్టర్స్ చెయ్యమంటోంది. ఒక ఏజెంటు "కాగితాలు మాకిచ్చేయండి, మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడు. అతను చెప్పిన రేటు విని మావారు మాట్లాడకుండా ఫోన్ పెట్టేశారు.

లింక్డిన్‌లో "ఫిజియోథెరపిస్ట్, మెల్బోర్న్" అని పెట్టుకుని క్లినిక్‌లకి మెసేజ్‌లు పెడుతున్నాను. ఒక్కరూ పలకట్లేదు. అసలు దారి ఏంటో ఎవరైనా చెప్తారా?

ట్రామ్_నంబర్_96 | మంగళవారం, రాత్రి 11:15

ఈ పోస్టు మొత్తం చదివేలోపు ముందు ఆ లింక్డిన్ మార్చు తల్లీ. ఇప్పుడే, ఈ రాత్రికే.

భయపెట్టడం కాదు. ఇక్కడ ఫిజియోథెరపిస్ట్ అనేది చట్టం కాపలా కాస్తున్న పేరు. 2010లో రాష్ట్రాలన్నిటికీ కలిపి ఒకే రిజిస్ట్రేషన్ పద్ధతి వచ్చింది. రిజిస్ట్రేషన్ లేకుండా ఆ పేరు పెట్టుకుంటే 60,000 డాలర్ల దాకా జరిమానా, మూడేళ్ళ దాకా జైలు కూడా ఉంది. మన దగ్గర వీధి చివర షట్టర్ తీసి బోర్డు కట్టినట్టు ఇక్కడ కుదరదు. "ఇండియాలో బీపీటీ చేశాను, ఆస్ట్రేలియాలో రిజిస్ట్రేషన్ ఇంకా లేదు" అని రాసుకో, చాలు.

నేను ఈ తతంగమంతా పూర్తిచేసి మూడేళ్ళయింది. రేపు పాపని నిద్రపుచ్చాక వివరంగా రాస్తా. మా పాప కూడా రెండేళ్ళదే, అర్థం చేసుకో.

గుంటూరు_మిర్చి | మంగళవారం, రాత్రి 11:21

మార్చేశానక్కా! చెయ్యి వణికింది. ఇన్నాళ్ళూ దీని గురించి ఒక్కరూ చెప్పలేదు.

ట్రామ్_నంబర్_96 | బుధవారం, రాత్రి 9:50

సరే, కూర్చో.

మనవాళ్ళందరూ మొదట పొరబడేది ఒక్కచోటే. ఆస్ట్రేలియన్ ఫిజియోథెరపీ కౌన్సిల్ వేరు, ఆప్రా వేరు. జాతకాలు చూసేది కౌన్సిల్. మూడు ముళ్ళు వేయించేది ఆప్రా, దాంతో కలిసి పనిచేసే ఫిజియోథెరపీ బోర్డు. నీ చదువు, నీ చేతిపని సరిపోతాయా అని పరీక్ష పెట్టి తేల్చేది కౌన్సిల్. అది ఇచ్చిన కాగితం పట్టుకుని ఆప్రాకి దరఖాస్తు చేస్తే ఇంగ్లీషు స్కోరు, నేరచరిత్ర తనిఖీ, ఇన్సూరెన్స్ ఇవన్నీ వాళ్ళు చూసుకుని రిజిస్ట్రేషన్ ఇస్తారు.

కౌన్సిల్‌లో మొదటి మెట్టు కాగితాలు. వాటి గురించి కింద ఎవరో ఒకరు ఏడుస్తారు, నేను వదిలేస్తున్నా. రెండోది రాతపరీక్ష. 120 బహుళైచ్ఛిక ప్రశ్నలు. ఫలానా కండరం ఎక్కడ మొదలై ఎక్కడ అంటుకుంటుంది అని అడగరు. ఒక పేషెంటు కథ ఇచ్చి, ఇప్పుడు నువ్వేం చేస్తావు అని అడుగుతారు. నాలుగు జవాబులూ కరెక్టుగానే కనిపిస్తాయి. ఏది ముందు, ఏది ప్రమాదం లేనిది అన్నదే తేడా. మూడోది క్లినికల్. మస్క్యులోస్కెలెటల్ (కండరాలు, ఎముకలు), కార్డియోరెస్పిరేటరీ (గుండె, ఊపిరితిత్తులు), న్యూరో (నరాలు, మెదడు), మూడూ విడివిడిగా పాసవ్వాలి. ఇక్కడి ఆదివాసీ, టోరెస్ జలసంధి దీవుల ప్రజల గురించి ఆన్‌లైన్ శిక్షణ ఒకటి ఉంటుంది. దాన్ని టిక్కులు కొట్టే పని అనుకోకు, శ్రద్ధగా చెయ్యి. రేపు వార్డులో పనికొస్తుంది.

ఐఈఎల్‌టీఎస్ అకడమిక్‌లో ఒకప్పుడు నాలుగింట్లోనూ 7 కావాలి. 2025 నుంచి రైటింగ్‌లో 6.5 చాలు. మిగతా మూడూ, మొత్తం స్కోరూ మాత్రం 7 ఉండాలి. నేను పాత పద్ధతిలో రైటింగ్ కోసమే మూడుసార్లు రాశాను. నీ అదృష్టం.

మాస్టర్స్ మాట మర్చిపో. బీపీటీ తర్వాత మామూలుగా చేసే మాస్టర్స్‌తో ఇక్కడ రిజిస్ట్రేషన్ రాదు, దానికి వేరే కోర్సు. ఆ ఖర్చుకి మనం పరీక్ష మూడుసార్లు రాసుకోవచ్చు.

ఓపీలో_నలభైమంది | బుధవారం, రాత్రి 10:30

కాగితాల గురించి ఏడ్చే మనిషిని నేనే 🙋‍♂️

నాది హైదరాబాద్. 2014లో చేరాం కాబట్టి మా బ్యాచ్‌కి డిగ్రీ విజయవాడ నుంచే. మా తర్వాతి వాళ్ళకి వరంగల్ కాళోజీ యూనివర్సిటీ. ట్రాన్స్‌క్రిప్ట్ కోసం నేను విజయవాడకి మూడు ట్రిప్పులు తిరిగాను. ఇక పేరు సంగతి. నా డిగ్రీ మీద డాక్టర్ ఎన్టీఆర్ యూనివర్సిటీ. 2022లో పేరు మార్చారు, నా ట్రాన్స్‌క్రిప్ట్ మీద డాక్టర్ వైఎస్సార్ యూనివర్సిటీ. 2024లో మళ్ళీ పాత పేరు. విదేశాల్లో ఫైలు చూసే మనిషికి ఇది రెండు యూనివర్సిటీల కథలా కనిపిస్తుంది. మిర్చి గారూ, పేరు మార్పుకు సంబంధించిన ఉత్తర్వు కాపీ ముందే జత చెయ్యండి. వాళ్ళు అడిగేదాకా ఆగితే ఇంకో రెండు నెలలు పోతాయి.

ఇంకోటి, మీ పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో వెనక, పెళ్ళయ్యాక ఇంకోటి. అఫిడవిట్ చేయించి పెట్టుకోండి.

అసలు తలనొప్పి క్లినికల్ గంటల లెటర్. న్యూరోలో ఎన్ని గంటలు, కార్డియోలో ఎన్ని, ఆర్థోలో ఎన్ని అని విడగొట్టి కాలేజీ లెటర్‌హెడ్ మీద కావాలి. మా కాలేజీ గుమాస్తా "ఇంటర్న్‌షిప్ ఆరు నెలలు అని రాశాంగా, ఇంకేం గంటలు" అన్నాడు. చివరికి నేనే లాగ్‌బుక్ చూసి పట్టిక టైపు చేసి ఇస్తే, ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు సవరించుకుని చదివి, "ఐసీయూలో ఇన్ని గంటలు ఉన్నావా నువ్వు?" అని అడిగి సంతకం పెట్టారు.

గుంటూరు_మిర్చి | బుధవారం, రాత్రి 10:44

నా లాగ్‌బుక్ గుంటూరులో అటక మీద ఉంది. అమ్మకి ఇప్పుడే ఫోన్ చేశా. అక్కడ ఇంకా సాయంత్రమే కదా. "ఎలుకలు కొట్టకపోతే ఉంటుందే" అంది.

ఇంకో సందేహం. మీ దేశంలో రిజిస్ట్రేషన్ చూపించు అంటే ఏం చూపించాలి? నాకున్నది ఐఏపీ, అదే మన దేశంలో ఫిజియోల సంఘం, దాని మెంబర్‌షిప్ ఒక్కటే.

ఓపీలో_నలభైమంది | బుధవారం, రాత్రి 10:58

ఐఏపీ సంఘం అండీ, నియంత్రణ సంస్థ కాదు. ఆ కార్డు లైసెన్సు కిందికి రాదు. మొన్నమొన్నటిదాకా మనకి దేశం మొత్తానికి ఒక కౌన్సిలే లేదు. ఢిల్లీ, మహారాష్ట్ర లాంటి కొన్నిచోట్ల రాష్ట్ర కౌన్సిళ్ళు ఉండేవి. ఫిజియో లాంటి వృత్తులకి కేంద్రం చేసిన అలైడ్ హెల్త్ చట్టం 2021లో వచ్చింది, ఇంకా మెల్లగా కదులుతోంది. మీరు పనిచేసిన కాలంలో మీ రాష్ట్రంలో ఏది ఉంటే అది చూపించండి. ఏదీ తప్పనిసరి కాకపోతే ఆ ముక్కే రాతపూర్వకంగా చెప్పండి. లేనిదాన్ని ఉన్నట్టు మాత్రం చూపించకండి.

కివీ_కరీంనగర్ | గురువారం, ఉదయం 6:20

న్యూజిలాండ్ మీదికెంచి తేలిక అన్నది ఎవరో గాని, వాళ్ళని నా ముందర కూసోబెట్టుండ్రి.

నేను గట్లనే వచ్చిన. ఇది దొంగదారి కాదు, చట్టంల ఉన్న దారే. న్యూజిలాండ్‌ల రిజిస్ట్రేషన్ ఉంటే ట్రాన్స్ టాస్మన్ ఒప్పందం కింద ఆస్ట్రేలియాల కూడా అడగొచ్చు. రెండు దేశాలకు ప్రమాణాలు కూడా ఒక్కటే, 2015ల కలిపి రాసిండ్రు. ఈడ రాతపరీక్ష బదులు కాగితాల మీద చూస్తరు, గందుకే తేలిక అంటరు జనం. కానీ ఆ కాగితాలు రాసుడు ఉన్నది సూడుండ్రి, ఎనిమిది నెలలు పట్టింది నాకు! ఒక్కొక్క ప్రమాణానికి, నేనీ పేషెంటుకు ఇది చేసిన, గిందుకు చేసిన, గిట్ల కాకుంటే ఏం చేస్తుంటి అని సాక్ష్యం సూపెట్టాలె. 1840ల ఈడి మూలవాసులు మావోరీలకు, బ్రిటిష్ రాణికి జరిగిన వైతంగి ఒప్పందం నా పనికి ఎట్ల వర్తిస్తదో రాయాలె. వైద్యానికి దీనికి ఏం సంబంధం అని నేను మస్తు చిరాకు పడ్డ. ఈడ పనిచేసినంక అర్థమైంది. ఒక మావోరీ తాతకు నేను అడగకుండ తలకాయ మీద చెయ్యి పెట్టిన. వాళ్ళకు తల పవిత్రం. ఆయనేం అనలే, ఆయన బిడ్డ నా దిక్కు సూసిన సూపు మాత్రం ఇంకా యాదికున్నది.

మిర్చి చెల్లె, నువ్వు ఆల్రెడీ మెల్బోర్న్‌ల ఉన్నవ్. క్లినికల్ పరీక్ష నువ్వున్న దేశంలనే. నువ్వెందుకు సముద్రం దాటుతవ్?

లీడ్స్_వాన | గురువారం, మధ్యాహ్నం 2:05

యూకే గురించి ఎవరూ అడగలేదు కానీ చెప్పేస్తా, ఈ చర్చ చదివి "మరి ఇంగ్లండ్‌లో పరీక్షే లేదుగా" అనుకునేవాళ్ళు ఉంటారు. నిజమే. ఇక్కడ ఫిజియోల రిజిస్ట్రేషన్ చూసే సంస్థ హెచ్‌సీపీసీ. అది కాగితాలు చూసి రిజిస్ట్రేషన్ ఇస్తుంది. ఐఈఎల్‌టీఎస్ మొత్తం 7, ఏ ఒక్కదాంట్లోనూ 6.5కి తగ్గకూడదు. నాకు ఇండియాలో ఉండగానే రిజిస్ట్రేషన్ వచ్చేసింది, ఊరంతా స్వీట్లు పంచాం. ఆ తర్వాత బ్యాండ్ 5 (ఇక్కడి ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఫిజియో మొదటి మెట్టు) ఉద్యోగానికి పధ్నాలుగు నెలలు పట్టింది. ఇంటర్వ్యూలో వాళ్ళడిగేవన్నీ పైన అక్క చెప్పిన క్లినికల్ ప్రశ్నలే. పరీక్ష బెడద తప్పిందనుకున్నా, వాయిదా పడిందంతే.

సిడ్నీ_సందడి | గురువారం, రాత్రి 8:31

హాయ్ ఫ్రెండ్స్, నాది వచ్చే సెషన్. పోయినసారి రాతపరీక్షలో వచ్చిన ప్రశ్నలు ఒక టెలిగ్రామ్ గ్రూపులో పెట్టారంట. పీడీఎఫ్ ఎవరి దగ్గరైనా ఉంటే ఇన్‌బాక్స్ చెయ్యండి ప్లీజ్. డబ్బులైనా ఇస్తా.

నిర్వాహకుడు | గురువారం, రాత్రి 8:40

ఆ పీడీఎఫ్‌లు ఇక్కడ అడగడం, ఇవ్వడం రెండూ నిషేధం. పోస్టు తీసెయ్యట్లేదు, కింద ఎవరైనా ఎందుకో చెప్తే మిగతావాళ్ళకీ పనికొస్తుందని.

టెక్సాస్_తాత | గురువారం, రాత్రి 9:12

నేను చెప్తా. ఇక్కడి కుర్రాళ్ళు చాలామందికి ఈ సంగతి తెలియదు.

నేను 2009 చివర్లో అమెరికా వచ్చాను. డిగ్రీ మదింపు అయిపోయింది, పరీక్షకి చదువుకుంటున్నాను. ఒక కోచింగ్ సెంటర్ వాళ్ళు "రాసొచ్చిన ప్రశ్నలు గుర్తు చేసుకుని చెప్తే ఫీజులో తగ్గిస్తాం" అని నడిపేవాళ్ళు. మా గదిలో నలుగురం ఉండేవాళ్ళం, ఇద్దరు చేరారు. అందరూ చేస్తున్నదేగా అనుకున్నాం.

2010 జూలైలో పరీక్ష నడిపే ఎఫ్‌ఎస్‌బీపీటీ ఒక ప్రకటన చేసింది. ప్రశ్నలు పెద్దఎత్తున బయటికి పోతున్నాయని ఈజిప్టు, ఇండియా, పాకిస్తాన్, ఫిలిప్పీన్స్‌లో చదివినవాళ్ళకి పరీక్ష ఆపేశారు. చేసినవాడికి కాదు బాబూ, ఆ దేశాల్లో చదివినవాళ్ళకి. తర్వాత 2011 నుంచి మనలాంటివాళ్ళకి ఏడాదికి ఒక్కసారే పెట్టే వేరే పరీక్ష తెచ్చారు. తప్పితే మళ్ళీ ఏడాది. వీసా గడియారం మాత్రం ఏడాది ఆగదుగా.

మా గదిలో ఒకతను రోజుకి పధ్నాలుగు గంటలు చదివేవాడు, ఎవరి ప్రశ్నలూ ముట్టుకోలేదు. ఆ సెప్టెంబరులో సూట్‌కేసు సర్దుకుని వెళ్ళిపోయాడు. ఎయిర్‌పోర్టుకి దింపింది నేనే. దారంతా మాట్లాడలేదు. దిగేటప్పుడు పుస్తకాలు నా చేతిలో పెట్టి, "నువ్వైనా రాయి" అన్నాడు.

సందడి బాబూ, నీకు పీడీఎఫ్ కావాలా?

సిడ్నీ_సందడి | గురువారం, రాత్రి 9:47

సారీ అంకుల్. నిజంగా తెలియదు. గ్రూపులోంచి బయటికొచ్చేశా.

గుంటూరు_మిర్చి | శుక్రవారం, ఉదయం 7:15

అంకుల్ పోస్టు మావారికి చదివి వినిపించాను.

ట్రామ్ అక్కా, నాకు రాతపరీక్ష కంటే క్లినికల్ అంటేనే భయం. అసలు ఏం చూస్తారు? నేను మూడేళ్ళూ మోకాళ్ళూ నడుములే చూశాను. కార్డియో అంటే ఇంటర్న్‌షిప్ తర్వాత ముట్టుకోలేదు.

ట్రామ్_నంబర్_96 | శుక్రవారం, రాత్రి 10:05

నాకొచ్చిన కేసులు చెప్పను, పైన తాతగారి మాట మీద గౌరవంతో. ప్రాక్టీసులో జరిగింది చెప్తా.

మేం ముగ్గురం కలిసి చదివేవాళ్ళం. నేను, ఒక మలయాళీ అమ్మాయి, ఒక ఇరాన్ ఆవిడ. మొదటి రోజు మావారి ఫ్రెండ్‌ని మోకాలు నొప్పి పేషెంటుగా పడుకోబెట్టాం. నేను నవ్వుతూ వెళ్ళి, "నొప్పి ఎక్కడ?" అంటూనే మోకాలి చిప్ప మీద బొటనవేలు పెట్టేశాను. ఇరాన్ ఆవిడ టైమర్ ఆపేసింది. పదకొండు సెకన్లు. "నువ్వు ఫెయిల్" అంది.

చెయ్యి కడుక్కోలేదు. పేరు చెప్పలేదు. ఆయన్ని ఏమని పిలవాలో అడగలేదు. ఏం చెయ్యబోతున్నానో చెప్పలేదు, ముట్టుకోవచ్చా అని అడగలేదు. రెండో కాలు టవల్‌తో కప్పలేదు. బాగున్న మోకాలు ముందు చూడలేదు. నాకు రోషం వచ్చింది. రోజుకి ముప్ఫై మోకాళ్ళు చూసినదాన్ని, నాకు మోకాలు పట్టుకోవడం నేర్పుతావా అని.

ఆలోచిస్తే, విజయవాడలో అయినా హైదరాబాద్‌లో అయినా పేషెంటు మన దగ్గరికి ఎలా వస్తాడు? చేతిలో డాక్టర్ చీటీ. ఐఎఫ్‌టీ, ఎస్‌డబ్ల్యూడీ (నొప్పికి పెట్టే కరెంటు మెషీన్లు), పది రోజులు. "అమ్మా, కరెంటు పెట్టు" అంటాడు. పెడతాం. ఏం పెట్టాలో వేరెవరో నిర్ణయించేశారు. ఇక్కడ 1976 నుంచీ ఫిజియో దగ్గరికి పేషెంటు నేరుగా రావచ్చు, డాక్టర్ చీటీ అక్కర్లేదు. అంటే ఆ నడుము నొప్పి ఉత్త నడుము నొప్పేనా, లోపల ఇంకేమైనా ఉందా అని మొదట పట్టుకోవాల్సింది నువ్వే. కాళ్ళ మధ్య మొద్దుబారిందా, మూత్రం పోయడంలో తేడా వచ్చిందా అని అడగకుండా నడుముకి చేత్తో ఎంత గొప్ప వైద్యం చేసినా లాభం లేదు. పరీక్షలో పోయేదీ అక్కడే. టెక్నిక్ కొంచెం అటూఇటూ అయితే క్షమిస్తారు, ప్రమాదం గమనించకపోతే క్షమించరు.

రెండోది, "మీకు ఏ పని చెయ్యలేకపోవడం ఇబ్బందిగా ఉంది?" అన్న ప్రశ్న. వంగడం ఎన్ని డిగ్రీలని మనం కొలుస్తాం. ఆయనకి కావాల్సింది కుక్కని తిప్పడం. నీ వ్యాయామం ఆ కుక్క దాకా వెళ్ళాలి.

కార్డియో: నీలాగే నేనూ భయపడ్డా. ఆపరేషన్ అయిన మర్నాడు పేషెంటుని మంచం దింపడం ఒక్కటే యాభైసార్లు సాధన చేశాం. ముందు ఫైలు, బీపీ, ఆక్సిజన్ శాతం, నొప్పి మందు ఎప్పుడిచ్చారు, డ్రెయిన్ ఏ వైపుంది, సెలైన్ స్టాండు ఏ వైపు తిరగాలి, కళ్ళు తిరిగితే కూర్చోబెట్టడానికి కుర్చీ ఎక్కడ. మా ఇంట్లో చీపురుకర్రకి షాపింగ్ సంచి తగిలించి సెలైన్ స్టాండు చేశాం. మొదటిసారి కార్డియోలో ఫెయిలయ్యా, రెండోసారికి గట్టెక్కా.

ఓపీలో_నలభైమంది | శుక్రవారం, రాత్రి 10:40

అక్కా, మీరు చెప్పిందంతా ఒప్పుకుంటా, కానీ ఒక్కటి గుచ్చుకుంది. నా యూజర్ నేమ్ చూడండి. నలభై మంది, ఇద్దరం ఫిజియోలం, నాలుగు కౌచ్‌లు. బయట బెంచీ మీద ముసలావిడ ఆటోకి రెండొందలు పెట్టుకుని వచ్చి కూర్చుని ఉంటుంది. ఆవిణ్ణి "మిమ్మల్ని ఏమని పిలవమంటారు" అని అడిగితే "ఏందయ్యా, జల్దీ కానియ్" అంటుంది. పేషెంటంటే మనకి లెక్కలేదని కాదు. టైము లేదు, అంతే.

ట్రామ్_నంబర్_96 | శుక్రవారం, రాత్రి 10:55

ఒప్పుకుంటా తమ్ముడూ. నేనూ ఆ బెంచీ ముందు పనిచేసినదాన్నే. పైగా మస్క్యులోలో నన్ను గట్టెక్కించింది ఆ ముప్ఫై మోకాళ్ళే. చెయ్యి పెట్టగానే ఏది బిగుసుకుందో తెలిసిపోయేది, నాతో చదివినవాళ్ళకి అది లేదు. దాన్ని వదులుకోమనట్లేదు. చెయ్యి పెట్టేముందు ఒక్క వాక్యం అడగమంటున్నా.

లీడ్స్_వాన | శనివారం, ఉదయం 11:30

మిర్చి గారూ, ఖాళీగా ఉండకండి. ఇక్కడ నేను థెరపీ అసిస్టెంట్‌గా చేశాను. మీ దగ్గరా అలాంటివి ఉంటాయిగా?

ట్రామ్_నంబర్_96 | శనివారం, మధ్యాహ్నం 1:10

ఉన్నాయి, అలైడ్ హెల్త్ అసిస్టెంట్ అంటారు. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. నేను ఒక పునరావాస వార్డులో పదిహేను నెలలు చేశా. నాకంటే ఆరేళ్ళు చిన్న ఫిజియో చెప్తే వాకర్ తుడిచి పెట్టేదాన్ని. మొదటి వారం బాత్రూములోకి వెళ్ళి ఏడ్చా. కానీ ఇక్కడి భాష వచ్చింది అక్కడే. ఒక పెద్దాయన పొద్దున్నే "ఐయామ్ ఫీలింగ్ క్రూక్ టుడే" అన్నాడు. నాకు తెలిసిన క్రూక్ అంటే మోసగాడే. ఈయనేంటి ఇంత నిజాయితీగా ఒప్పుకుంటున్నాడు అనుకున్నా! ఒంట్లో బాలేదని అర్థమట. ఆ మాట తెలియకుండా పరీక్షకి వెళ్ళుంటే?

కివీ_కరీంనగర్ | శనివారం, మధ్యాహ్నం 1:32

😂😂 నాకు ఒక ముసలామె "స్వీట్ యాజ్" అన్నది. ఇంకా ఏమంటదో అని నేను ఆగిన. ఆమె అన్నుడు అయిపోయింది. 'మస్తుగుంది' అని అర్థమట, గంతే.

గుంటూరు_మిర్చి | ఏడు వారాల తర్వాత, ఆదివారం

అందరికీ అప్‌డేట్. లాగ్‌బుక్ దొరికింది! ఒక మూల ఎలుకలు కొట్టాయి కానీ న్యూరో పేజీలు మిగిలాయి. గంటల పట్టిక ఓపీ గారు పంపిన నమూనాలో నేనే టైపు చేసి పంపితే, మా తమ్ముడు కాలేజీకి నాలుగుసార్లు తిరిగి సంతకాలు చేయించాడు. యూనివర్సిటీ పేరు మార్పు ఉత్తర్వు కూడా జత చేశాను. కౌన్సిల్‌కి దరఖాస్తు పోయిన శుక్రవారం పెట్టాం. ఏజెంటు లేడు, మావారే స్కాన్ చేశారు.

అసిస్టెంట్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ కూడా అయింది, వృద్ధాశ్రమంలో. వారానికి మూడు రోజులు. పాపకి చైల్డ్ కేర్‌లో చోటు దొరికితే చేరతాను.

ట్రామ్ అక్కా, ఒక్క సాయం. ప్రాక్టీసుకి మావారిని పడుకోబెడితే రెండు నిమిషాల్లో గురక పెడుతున్నారు. "ముట్టుకోవచ్చా?" అని అడిగితే జవాబు లేదు.

ట్రామ్_నంబర్_96 | ఏడు వారాల తర్వాత, ఆదివారం

నిద్రపోతున్న పేషెంటు ఒప్పుకున్నట్టు కాదు, అక్కడే నువ్వు ఫెయిల్ 😄

వచ్చే ఆదివారం పాపని తీసుకుని మా ఇంటికి రా. నా నడుము నిజంగానే నొప్పిగా ఉంది, నటించక్కర్లేదు. చీపురుకర్ర ఇంకా ఉంది. టవళ్ళు మాత్రం నువ్వు తెచ్చుకో.